మరల మరల వచ్చు పనివాడు

గౌలిపుర అను పేరులోనే ఒక పనివాడున్నాడు. గౌళి యనగా పాలవాడు. హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు దక్షిణపు వైపున, లాల్‌దర్వాజాకు చేరువగా ఉన్న ఈ పేట పేరుతో ఒకప్పుడు నగర ప్రాకారమునకు ఒక దర్వాజా కూడ ఉండెడిది. ప్రాకారము పోయినది, దర్వాజా పోయినది, పేరు మాత్రము నిలిచినది.

వెనుకటి రోజులలో పాలవాని రాకకు ఎవరును కబురు పంపెడివారు కారు. ఉదయమునకు ఇంత, సాయంకాలమునకు ఇంత అని ఒకసారి చెప్పినచో చాలును. ఇంటి ఇల్లాలు వంటయింటి గోడపై బొగ్గుతో దినమునకొక గీత గీచెడిది. అతడు రాని దినమున సున్న చుట్టెడిది. పండుగ నాడు ఎక్కువ పాలు పోయించుకొన్నచో గీత ప్రక్కన మరియొక చిన్న గీత. నెల ముగియగానే గీతలు లెక్కించి డబ్బు ఇచ్చుట. గమనింపుడు: నియమము ఒక్కసారియే చెప్పబడినది, నియమము తప్పిన దినములు వేరుగా గుర్తింపబడినవి, డబ్బు మాత్రము నియమమును బట్టి గాక, నిజముగా జరిగిన రాకలను బట్టి చెల్లింపబడినది. ఈనాడు పెద్ద కంపెనీలు కంప్యూటరులో చేయించుకొను లెక్క ఇంతకంటె మిక్కిలి వేరైనది కాదు. ఆ గోడమీద కుదిరినంత చక్కగా కంప్యూటరులో ఎల్లప్పుడును కుదురుట లేదు, అంతే.

ఇప్పుడు మన యిండ్లకు వచ్చు పనివారు పెక్కురు. మంచినీటి ఫిల్టరు మార్చువాడు, ఇన్వర్టరు బ్యాటరీ చూచువాడు, ఏసీ శుభ్రము చేయువాడు, నీళ్ల ట్యాంకు కడుగువాడు, మేడలున్నచోట లిఫ్టు చూచువాడు. వీరిని పంపు కార్యాలయము నగరమునకు ఆ కొసనుండును. పనివాని ముఖము కార్యాలయమువారు చూచుట అరుదు. ఎవరు, ఏనాడు, ఏ యింటికి, ఏ సామానుతో పోవలెనో నిర్ణయించి, ఆ జాబితాను పనివాని ఫోనులో చూపి, అతడు పోయి ఏమి చేసెనో తిరిగి తెలిసికొను ఏర్పాటునకు ఫీల్డ్ సర్వీస్ సాఫ్ట్‌వేరు అని పేరు. కుళాయి కారుచున్నది, మనిషి వచ్చెను, బాగు చేసెను, పోయెను: ఇట్టి పని దానికి సులభము. చిక్కు వచ్చునది రెండు రకముల పనులలో. ఒకటి, ఒకే పనికై పలుమార్లు రావలసినది. రెండవది, ఒకే విధమైన పని మరల మరల వచ్చునది. ఈ రెండును పైకి ఒక్కటిగానే కనిపించును. వీటిని ఒక్కటిగా భావించుటవలన కలుగు నష్టము మా యింటివారికి అనుభవములోనికి వచ్చినది.

మా యిల్లు పాతది. ఒక వేసవిలో కప్పునకు నీరు కారకుండ పూత వేయింపదలచి ఒక కంపెనీవారికి అప్పగించితిమి. ఆ పని ఒక దినమున అయ్యెడిది కాదు. మొదటి దినమున కప్పును గీకి, కడిగి, పగుళ్లు విప్పవలెను. వాటిని పూడ్చి ఆరనీయవలెను. తరువాత మొదటి పూత. అది ఆరిన పిదప దానికి అడ్డముగా రెండవ పూత. చిట్టచివర ఒకటి రెండు దినములు కప్పుపై నీరు నిలిపి చూడవలెను. పనివాడు మంచివాడే, మొదటి పూతవరకు శ్రద్ధగా వేసి, 'ఆరిన తరువాత వచ్చెదనండీ' అని చెప్పి, ఫోనులో 'పని ముగిసినది' అను గుర్తును నొక్కి వెడలెను. మరునాడు బిల్లు వచ్చినది. వారము గడచినను మనిషి రాలేదు. మేము ఫోను చేయగా కార్యాలయములోని అమ్మాయి మర్యాదగానే పలికి, తన జాబితాలో మా పని పూర్తియైనట్లున్నదని చెప్పినది. అతనిని అప్పటికే ఊరి ఆవలివైపు వేరొక పనికి వేసియుండిరి. జూన్ నెలలో వానలు పడినవి. సామాను గది గోడవెంట నీరు దిగి బియ్యపు బస్తాలు రెండు తడిసినవి.

తప్పు పనివానిది కాదు. ఆనాటి రాకలో చేయవలసినది అతడు చేసెను. ఆనాటి పని ముగిసినదనియే నొక్కెను. రాక వేరు, పని వేరు అను భేదము ఆ జాబితాలో లేకపోవుటయే తప్పు. సరియైన పద్ధతిలో పని అనునది ఒకటి; దాని క్రింద రాకలు నాలుగైదు. ప్రతి రాకకు దాని తేదీ, దాని మనిషి, దాని సామాను, దాని ముగింపు వేరుగా ఉండును. చివరి రాక ముగిసిననే గాని పని మూతపడదు. అంతేకాక రాకలకు వరుస కలదు. పగుళ్ల పూడిక కానిదే పూతకు మనిషిని పంపరాదు. నడుమ ఆరుటకు కావలసిన వ్యవధి కూడ అందులో వ్రాయబడియుండవలెను. మొదటి రాక వానవలన రెండు దినములు వెనుకబడినచో, తరువాతివన్నియు తామే రెండు దినములు జరుగవలెను. ఇవన్నియు ఒకరు గుర్తుంచుకొని చేయవలసినవైనచో, ఆ ఒకరు సెలవుపై పోయిన దినమున ఎవరి కప్పో కారును.

ఇక మరల మరల వచ్చు పని. ఆరు నెలలకొకసారి నీళ్ల ట్యాంకు కడుగుట దీనికి ఉదాహరణము. ఇది ఒక పనిలోని భాగము కాదు. ప్రతిసారియు పూర్తి పనియే, ప్రతిసారికిని దాని లెక్క దానికే. దీనిని పలు రాకల పనిగా వ్రాసినచో అది ఎన్నటికిని మూతపడదు. పలు రాకల పనిని ఇట్లు వ్రాసినచో మా కప్పువలె మొదటి రాకతోనే మూతపడును.

ఇందు ముఖ్యముగా తెలియవలసినది లెక్క మొదలిడు చోటు. తరువాతి తేదీని ముందుగా నిర్ణయించిన తేదీనుండి లెక్కింపవచ్చును, లేదా పని నిజముగా జరిగిన దినమునుండి లెక్కింపవచ్చును. ఫిల్టరునకు రెండవది తగును. నెల ఆలస్యముగా మార్చిన ఫిల్టరు నెల ఆలస్యముగానే పాతబడును. కాని సంవత్సరమునకు నాలుగు రాకలని డబ్బు ముందుగా కట్టించుకొను ఒప్పందములలో రెండవ పద్ధతి ఇంటివారికి నష్టము. ఒప్పందము ఏప్రిల్ 1న మొదలైనదనుకొందము. మూడు నెలలకొక రాక. మొదటి దానికి మనిషి నెల ఆలస్యముగా మే 1న వచ్చెను. అక్కడనుండి లెక్కించి రెండవది ఆగస్టు 1న రావలసియుండగా సెప్టెంబరు 1న వచ్చెను. మూడవది డిసెంబరు 1నకు బదులు జనవరి 1న. నాలుగవది ఏప్రిల్ 1న. కాని ఒప్పందము మార్చి 31తోనే ముగిసినది! ఎవరును మోసము చేయలేదు. నాలుగు రాకలకు డబ్బిచ్చి మూడు పొందితిమి. ఒప్పంద పత్రముపై చేవ్రాలు చేయుటకు ముందు ఈ ఒక్క ప్రశ్న అడిగినచో మంచిది.

కొన్ని పనులకు లెక్క మనము పెట్టునది కాదు, ప్రకృతి పెట్టినది. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మన వేడి వాతావరణములో గుడ్డునుండి రెక్కల దోమ వెలువడుటకు పట్టు కాలము సుమారు 7 నుండి 10 దినములు. కావుననే కుండీలలో, కూలర్లలో నిలిచిన నీటిని వారమునకొకసారి పారబోయవలెనని చెప్పుదురు. 2020 మే నెలలో తెలంగాణ పురపాలక శాఖ 'ప్రతి ఆదివారము పది గంటలకు పది నిమిషములు' అను కార్యక్రమమును మొదలిడినది కూడ ఈ లెక్కమీదనే. ఇచట ఒక వారము తప్పిన పనిని మరుసటి వారపు పనితో కలిపి చేసితిమనుటకు వీలులేదు; ఆ లోపల దోమ ఎగిరిపోయియుండును. ఫిల్టరునకు ఆలస్యము ఆలస్యమే. దోమల పనికి ఆలస్యమనగా పని లేకపోవుటయే. 1958లో ఆరంభమైన జాతీయ మలేరియా నిర్మూలన కార్యక్రమమున ఆరోగ్య కార్యకర్తలు పక్షమునకొకసారి ఇంటింటికి పోయి, జ్వరము వచ్చినవారెవరని అడిగి, రక్తపు చుక్క తీసికొని, వచ్చిన తేదీని గోడపైననే వ్రాసెడివారు. పాలవాని గీతలవలె ఇదియు గోడ లెక్కయే. పై అధికారి వచ్చి చూచినచో ఏ పక్షము తప్పినదో ఇట్టే తెలియును.

పంచాంగపు చిక్కులు వేరు. 'ప్రతి నెల 31వ తేదీన' అని వ్రాసినచో ఏమగును? కంప్యూటరులు క్యాలెండరు విషయములను ఒకదానికొకటి తెలుపుకొనుటకు 1998లో ఏర్పడి 2009లో సవరింపబడిన ఐక్యాలెండర్ నియమముల ప్రకారము, లేని తేదీని విడిచిపెట్టవలెను. అనగా ఏడాదికి 7 మార్లు మాత్రమే మనిషి వచ్చును. 'నెల చివరి దినమున' అనుట వేరు నియమము. దినము విడిచి దినము వచ్చు నల్లానీటి సంగతి మన పేటల ఆడువారికి బాగుగా తెలియును. ఒక వారము సోమ, బుధ, శుక్ర, ఆదివారములు. మరుసటి వారము మంగళ, గురు, శనివారములు. ఏడు బేసి సంఖ్య యగుటచే వారముల పేర్లతో ఆ లెక్క కుదురదు. నీరు వచ్చు దినముననే ట్యాంకు కడుగువాడు రావలెనన్నచో, 'ప్రతి సోమవారము' అను నియమము ఒకసారి సరిపడి ఒకసారి తప్పును.

పండుగల మాట చెప్పనక్కరలేదు. గోలకొండలో బోనాలు 2024లో జులై 7న మొదలైనవి; 2025లో జూన్ 26న. ఆషాఢమునకు ముందు అధికమాసము పడిన యేడు ఇంకను వెనుకకు జరుగును. రంజాను నెల ప్రతి సంవత్సరము 10, 11 దినములు ముందుకు వచ్చును. లాల్‌దర్వాజా బోనాల ఆదివారమునాడును, ఘటముల ఊరేగింపు సాగు మరునాడును, ఈ వీథులలోనికి నిచ్చెన మోసికొని రాగల మెకానిక్కు లేడు. ఇంగ్లీషు తేదీల నియమమునకు ఈ సంగతి తెలియదు. ఏటేటా ఎవరో ఒకరు ఆ దినములను జాబితాలో గుర్తింపవలెను. గుర్తించిన మాత్రమున చాలదు. ఆనాటి రాకను ముందుకు జరుపవలెనా, వెనుకకు జరుపవలెనా, మానవలెనా అని కూడ చెప్పవలెను. చెప్పనిచో కొన్ని సాఫ్ట్‌వేరులు ఊరకే మానివేయును.

మరియొక చిన్న విషయము. 'ఈ శుక్రవారము వద్దు నాయనా, శనివారము రా' అని ఇంటి పెద్దమ్మ చెప్పినచో, అది ఈ ఒక్కసారికా, ఇకమీదట ఎల్లప్పటికినా? సాఫ్ట్‌వేరు ఈ ప్రశ్న అడుగును. తొందరలో ఉన్న మనిషి ఏదో ఒకటి నొక్కును. ఎల్లప్పటికి అని నొక్కినచో తరువాతి రాకలన్నియు శనివారమునకు మారును, శుక్రవారము అతడు చూడవలసిన ప్రక్క యిల్లు వేరొకరి పాలగును, ఒకే వీథికి ఇద్దరు రెండు దినములు తిరుగుదురు. అంతకంటె ముఖ్యము, జరిగిపోయిన రాకలు మారరాదు. పాల ధర పెరిగిన దినమున ఇల్లాలు గోడపై అడ్డగీత గీచి, దానికి పైవాటిని పాత ధరకే లెక్కించెడిది.

మా కప్పునకు రెండవ పూత వానలు వెలిసిన పిదప కార్తికమాసమున పడినది. మొదట వచ్చిన పనివాడే వచ్చెను. అతనికి ఏ మూల పగులు పూడ్చినదియు జ్ఞాపకమున్నది. ఈసారి అతడు ఫోను తీయగానే, నీరు నిలిపి చూచు దినమునకు కూడ తేదీ వేయించి, అది జాబితాలోనికి ఎక్కినదా లేదా అని మా కన్నులతో చూచిన తరువాతనే మెట్లు దిగనిచ్చితిమి.