అంకెలు చదివి కొనండి

హిమాయత్‌నగర్‌కు దగ్గర్లోనే హుస్సేన్ సాగర్ ఉంది. అక్కడ కొంగలు, నీటికాకులు వాలతాయి. మనిషి దగ్గరికెళితే ఎగిరిపోతాయి. దూరం నుంచే చూడాలంటే ‘స్పాటింగ్ స్కోప్’ కావాలి. ఇది ఒంటికన్ను దుర్భిణి.

షాపువాడు "వంద రెట్లు పెద్దగా కనిపిస్తుంది" అంటాడు. అంతమాత్రాన కొనేయకండి. దానిమీది అంకెలు చదవండి. 20-60×65 అని ఉందనుకోండి. పక్షి 20 నుంచి 60 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. 65 అంటే ముందున్న అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. అద్దం వెడల్పయితే వెలుతురు ఎక్కువ వస్తుంది. చిన్న అద్దంతో రెట్లు పెంచితే బొమ్మ మసకవుతుంది.

గట్టి మూడుకాళ్ల స్టాండు ఉండాలి. లేకపోతే బొమ్మ వణుకుతుంది. కన్ను పెట్టే చోట సెల్‌ఫోన్ ఆనిస్తే ఫొటో కూడా తీయొచ్చు. దాంట్లోంచి సూర్యుణ్ణి మాత్రం చూడొద్దు. కళ్లు పోతాయి.

అంకెలు చదవడం వచ్చాక మోసపోవడం ఎందుకు? చదివి, ఆరుబయట పెట్టి చూసి, అప్పుడే డబ్బులివ్వండి.