పేరు తెలియని అంజూరము



మేడిపండు విప్పినచో లోపల పురుగులుండునని యెఱుగనివారు మనలో లేరు. ఆ మేడికి దాయాది యగు అంజూరమును గూర్చి నేడు కొంత విన్నవింపదలచితిని. మన హొళగుంద చుట్టుపట్ల పాత బావుల గట్లమీదను, పెరటి గోడల ప్రక్కను ఒకటొకటిగా ఈ చెట్లు కానవచ్చుచుండును. ఏ రకమని యడిగినచో "అంజూరము, అంతే" యను ప్రత్యుత్తరమే కాని వేఱొక మాట వినబడదు. నేనును చాలకాలము అట్లే యనుచుంటిని. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 వఱకు బళ్లారి జిల్లాలోనివి కదా. కావున మన చెట్లన్నియు బళ్లారి అంజూరములే యని యూహించి యూరకుంటిని.

ఆ యూహను కదల్చినది ఒక అవ్వగారి పెరటిలోని చెట్టు. దాని పండు పక్వమైనను పసుపు కలిసిన పచ్చదనమును విడువదు. మెడ సన్నగా సాగియుండును. చీల్చినచో లోపల తేనెరంగు. నా తోటలో మొక్కల అంగడినుండి తెచ్చి నాటిన పూనా అంజూరమో, గంట యాకారమున నుండి, తొక్క లేత ఊదాగాను, లోపల ఎఱ్ఱగాను ఉండును. రెండును ఒకటి కానేరవు. ఇది యెక్కడిదని అవ్వ నడిగితిని.

"మా అత్తకు అత్త సిరుగుప్ప దిక్కునుంచి కాపురానికి వచ్చిననాడు కొంగులో పుల్ల చుట్టుకొని తెచ్చిందంట నాయనా. పేరేందో ఆమెకే తెలియాల" అని యామె చెప్పినది.

ఈ మాట వినుటకు కథవలె నున్నను శాస్త్రమునకు సరిపోవుచున్నది. ఎట్లనగా, అంజూరపు పూవులు మేడిపూవులవలెనే కాయ లోపల దాగియుండును. మేడిలోని పురుగు వట్టి చీడ కాదు; కాయ కన్నుగుండ దూరి పుప్పొడిని చేర్చునది అదియే. అంజూరమునకును అట్టి చిన్న పురుగు వేఱొకటి గలదు. స్మిర్నా యను రకమునకు ఆ పురుగు లేనిచో కాయ నిలువదు. అమెరికాలోని కాలిఫోర్నియావారు 1880 దశకమున ఆ రకపు పుల్లలను తెప్పించి నాటిరి. చెట్లు ఏపుగా పెరిగినవి, కాయలు మాత్రము రాలిపోయినవి. 1899 లో పురుగును తెచ్చి నిలుపుకొనిన పిమ్మటనే వారికి పంట దక్కినది. మన దక్కనులో సాగగు రకములకు ఈ బాధ లేదు; పురుగు రాకున్నను కాయ పండును. కాని అట్టి పండులోని గింజలు ఉత్త పెంకులు, మొలకెత్తవు. కావున మన గ్రామములలో నున్న అంజూరపు చెట్టు ఏదైనను, ఎవరో యొకరు పుల్ల చేతబట్టి తెచ్చి నాటినదే. పుల్లనుండి లేచిన చెట్టు పాతచెట్టునకు బిడ్డ కాదు, ఆ చెట్టే. యొర్దాను లోయలోని గిల్గాల్ అనుచోట దొరికిన, 11,000 ఏండ్లకు పైబడిన మాడిన అంజూరపు పండ్లు ఇట్లు గింజ మొలవని రకమువే యనియు, అప్పుడే మనుష్యులు కొమ్మలు నాటి పెంచి యుందురనియు 2006 లో పరిశోధకులు ప్రకటించిరి.

ఆ పుష్యమాసముననే, ఆకు రాలియున్న సమయమున, పండ్రెండు ముక్కలు కోసి తెచ్చితిని. ఇరువది దినములలో చిగురు కనబడెను. నేను పొంగిపోయి తొట్లను ఎండలోనికి మార్చి దినదినము నీరు పోసితిని. నెల తిరుగకముందే అన్నియు వాడినవి. ఒకదానిని పెఱికి చూడగా అడుగు నల్లబడియున్నది, వేరు నూలుపోగంతయు లేదు. పుల్ల తనలో దాచుకొనిన సత్తువతోనే ముందు చిగిర్చును. వేరు వెనుక వచ్చును. ఆ చిగురును చూచి మోసపోయితిని.

మరుసటి యేడు మరల పోవునప్పటికి అవ్వ కుమారులు ఇల్లు విప్పి కట్టుచుండిరి. చెట్టు లేదు. మొద్దుపై ఇటుకలు పేర్చియుండిరి. ఆ ఇటుకల సందున రెండు పిలకలు మాత్రము వ్రేలెడు లావున లేచియుండెను. అంటుకట్టిన చెట్టైనచో మొద్దు పిలకను నమ్మరాదు, అది అడుగు జాతిది కావచ్చును. ఇది పుల్లతో పెరిగిన చెట్టు గనుక పిలకయు అదియే. రెంటినుండి ఐదు ముక్కలు వచ్చినవి. అంతకు మించి ఆ రకము నేనెఱిగినంతలో ఎక్కడను లేదు.

ఈమాఱు తొందరపడలేదు. ఒక్కొక్క ముక్క జానెడు, మూడు నాలుగు కణుపులు. అడుగున కణుపుక్రింద ఏటవాలుగాను, పైన అడ్డముగాను కోసితిని. తలక్రిందుగా నాటకుండుటకు ఈ గుర్తు చాలును. కారిన పాలు కడిగి ఒకదినము నీడలో ఆరనిచ్చి, ఇసుక, ఎఱ్ఱమన్ను, మాగిన ఎరువు కలిపిన మట్టిలో మూడింట రెండువంతులు దిగునట్లు నాటితిని. మట్టి వ్రేలికి తడి తగులుచున్నంతకాలము నీరు పోయలేదు. చెట్టునీడను కదల్పలేదు. పెఱికి చూడవలెనను కోరికను చంపుకొనుటయే అన్నిటికంటె కష్టమైన పని! మూడు బ్రతికినవి. తొలకరి తరువాత పదునైదు అడుగుల యెడముగా పూనా చెట్టు ప్రక్కనే నాటితిని. ఒకే మంటిలో, ఒకే నీటిలో పెరిగిననే కాని పోలిక తేలదు. ఆకును చూచి నిర్ణయించుట వ్యర్థము. ఒకే చెట్టున మూడు చీలికల ఆకును, ఐదు చీలికల ఆకును ఉండును.

రెండవయేట వానకాలపు కాయలు పుల్లగా, నీరు నీరుగా నుండెను. రకము చెడినదేమో యని భయపడితిని గాని, పూనా చెట్టు కాయలును అట్లేయున్నవి. దక్కనులో వానకాలపు కాపు పులుపు, వేసవి కాపు తీపి. వేసవి పండును చూడక ఏ రకమునకును తీర్పు చెప్పరాదు.

పేరు మాత్రము ఇంకను తేలలేదు. ఐరా కాండిట్ అను అమెరికా పండితుడు 1955 లో అంజూరపు రకములను గూర్చి వ్రాసిన గ్రంథమున కొన్ని వందల రకములను వర్ణించెను. ఒకే రకము దేశమున కొక పేరుతో నుండుటయు అందు గలదు. నేడు ఆకులోని జన్యుపదార్థమును పరీక్షించి రెండు చెట్లు ఒకటియో కాదో చెప్పగలరు. అంతవఱకు ఊరక ఒక గొప్ప పేరు తగిలించుట నాకు సమ్మతము కాదు. తెచ్చిన చోటు, తెచ్చిన సంవత్సరము రేకుపై గీసి చెట్టునకు కట్టితిని.

మొన్నటి వేసవిలో నాలుగు పండ్లు అవ్వకు తీసికొనిపోతిని. ఒకటి నోట వేసికొని చాలసేపు మాటలాడలేదు. పిదప, "ఇదే గానీ, మా చెట్టుది ఇంకా తీపి" అనినది.

రాబోవు పుష్యమున కొమ్మలు కత్తిరించెదను. మీ పెరటిలో పేరెఱుగని అంజూరమున్నచో దాని పుల్ల యొకటి తెచ్చి దీని పుల్ల గొనిపోవచ్చును. ఆకులపై పసుపు మచ్చలు తెట్లు తెట్లుగా నున్న చెట్టు పుల్లను మాత్రము తేవలదు. ఆ తెగులు పుల్లవెంటనే వచ్చును.