కదలని కారులో కదలిక

చిట్టితల్లీ, కంప్యూటర్ ముందు స్టీరింగ్ తిప్పుతూ "అచ్చం కారు నడిపినట్టే ఉంది తాతయ్యా" అన్నావు కదా. నీ కళ్ల మటుకు అది నిజమే. కానీ ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చెన్నై నుంచి పుదుచ్చేరి వస్తుంటే ఆవు అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు కొట్టాడనుకో, బస్సులో కళ్లు మూసుకుని కునుకు తీస్తున్నవాళ్లకీ తెలిసిపోతుంది. ఆ తెలిసే సంగతే నీ ఆటలో లేదు.

అది తెలిసేది చెవిలోనే. లోపలి చెవిలో రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేటు రేణువులు అతుక్కుని ఉంటాయి. బీచ్ రోడ్డులో నువ్వు కొనిపించుకున్న శంఖం కూడా ఆ పదార్థమే. బస్సు వేగం తగ్గగానే రేణువులు ముందుకు జారతాయి, అడుగున ఉన్న వెంట్రుకల్లాంటి పోగులు వంగి మెదడుకి కబురు పంపుతాయి. తల ముందుకి వంచినా అవి అలాగే జారతాయి. బ్రేకు వల్ల జారామా, వంపు వల్ల జారామా అన్నది వాటికి తెలియదు. మూసిన గదిలో ఉన్నవాడు బరువునీ త్వరణాన్నీ విడదీసి చెప్పలేడని ఐన్‌స్టీన్‌కి 1907లో తట్టిన ఆలోచన మన చెవిలోనూ పనిచేస్తోందన్నమాట.

సిమ్యులేటరు, అంటే ఉత్తుత్తి కారు, కట్టేవాళ్లకి ఈ లోపమే వరం. ఒక గుమ్మటంలో కారునీ తెరనీ కలిపి పెట్టి, నువ్వు బ్రేకు తొక్కగానే మొత్తాన్నీ ముందుకి వంచుతారు. తెర కూడా నీతోపాటే వంగుతుంది కాబట్టి కళ్లు రోడ్డు చదునుగానే ఉందంటాయి. చెవి మాత్రం బ్రేకు పడిందని నమ్మేస్తుంది.

అయితే చెవిలో ఇంకో కాపలా ఉంది. ద్రవం నిండిన మూడు అర్ధవలయ గొట్టాలు, తల ఏ కొంచెం వేగంగా తిరిగినా పసిగట్టేస్తాయి. అందుకని సెకనుకి సుమారు మూడు డిగ్రీలు దాటకుండా వంచాలి. కాస్త గట్టి బ్రేకు, అంటే గురుత్వంలో మూడు పదో వంతులు, అనిపించాలంటే దాదాపు 17 డిగ్రీలు వంచాలి. ఆ లెక్కన ఆరు సెకన్లు పడుతుంది! ఈలోగా ఆవు దాటిపోయి ఉంటుంది. కనుక మొదటి కుదుపుని నిజంగానే ఇవ్వాలి, గుమ్మటాన్ని పట్టాల మీద జరిపి. అదే బ్రేకుకి ఒక సెకనులో ఒకటిన్నర మీటరు జరిగితే, మూడు సెకన్లలో పదమూడున్నర మీటర్లు కావాలి. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్ల గుమ్మటం అటూ ఇటూ 64 అడుగులు తిరిగే చోటు కట్టుకున్నదందుకే. జరిపాక, మెల్లగా వంపుకి పని అప్పగించి, నీకు తెలియకుండా గుమ్మటాన్ని మళ్లీ నడిమికి తెచ్చేస్తారు. నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఈ దొంగచాటు తిరుగు ప్రయాణమే.

గుమ్మటాన్ని మోసే ఆరు కాళ్ల యంత్రం కథ కూడా చక్కనిది. బ్రిటన్‌లో డన్‌లప్ కంపెనీ ఇంజినీరు ఎరిక్ గఫ్ 1950లలో టైర్లని పరీక్షించడానికి అలాంటిది కట్టాడు. 1965లో స్టీవర్ట్ అనే ఆయన విమాన సిమ్యులేటర్ల కోసం ఆ తరహా వేదికని ప్రతిపాదించాడు. వాళ్లకన్నా ముందే, 1929లో, ఎడ్విన్ లింక్ తన తండ్రి ఆర్గాన్ల కర్మాగారంలోని గాలితిత్తులతో ఉత్తుత్తి విమానాన్ని ఊపి చూపించాడు.

ఇంత ఖర్చు అవసరమా అంటే, అడిగే ప్రశ్నని బట్టి ఉంటుంది. ఫోను మాట్లాడుతూ నడిపితే స్పందన ఎంత ఆలస్యమవుతుందో ముంబయి ఐఐటీ వాళ్లు సిమ్యులేటరు మీద చూశారు. అలాంటివాటికి కదలని సీటు చాలు. పైగా సరిగా ఇవ్వని కదలిక చేటే చేస్తుంది. యానాం బస్సులో బొమ్మల పుస్తకం చదివి కడుపులో తిప్పుతోందన్నావే, కన్నూ చెవీ చెరోమాట చెబితే వచ్చే బాధ అది. సిమ్యులేటరులోనూ అంతే. కదలిక ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చినా వికారం పెరుగుతుంది. అలాంటి కదలిక కన్నా అసలు లేకపోవడమే నయమని నేనంటాను.

బ్రేకు గురించో మలుపు గురించో అడిగితే మాత్రం కదలిక ఉండి తీరాలి. ఫ్రాన్స్‌లో రెనో కంపెనీ పరిశోధకులు 2001లో చూపించింది ఇదే. సీటు కదలకపోతే జనం బ్రేకుని మొదట్లో అవసరానికి మించి తొక్కేస్తారు, ఎంత వేగం తగ్గిందో ఒంటికి తెలియదు కాబట్టి.

ఇప్పుడు జర్మనీ సంగతి విను. మెర్సిడెస్ వాళ్లు 1985లో బెర్లిన్‌లో ఆరు కాళ్ల గుమ్మటం పెట్టారు. 1992లో అందులో మనుషుల్ని కూర్చోబెట్టి హఠాత్తుగా ప్రమాదం చూపిస్తే, నూటికి తొంభై మందికి పైగా బ్రేకుని చాలినంత గట్టిగా తొక్కలేదు. అదే కదలని సీటు మీద చేసి ఉంటే ఈ మెతకదనం బయటపడేదా? నాకైతే అనుమానమే. ఆ ఫలితం పట్టుకునే, పెడల్ ఎంత చురుగ్గా కిందికి వెళ్లిందో చూసి మిగతా బలం కారే వేసే బ్రేక్ అసిస్ట్‌ని 1996లో తెచ్చారు.