మూడు ముక్కలాట

మూడు ముక్కలాట పేక ముక్కలతో ఆడే ఒక జూదము. దీనిని తీన్ పత్తీ, ఫ్లష్, బ్రాగ్ అని కూడా అంటారు. రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతాలతో సహా తెలుగునాట అంతటా ఈ ఆట తెలిసినదే. ఇక్కడి దినపత్రికల స్థానిక పేజీలలో పేకాట స్థావరాలపై పోలీసు దాడుల వార్తలు తరచు కనిపిస్తాయి. చేతిలోని మూడు ముక్కల కూర్పులలో ఏది పెద్దది, ఏది చిన్నది అనే వరుస మీదనే గెలుపు ఆధారపడి ఉంటుంది.

ఆడే విధానం

ఒక్కొక్కరికి మూడు ముక్కలు బోర్లా పంచుతారు. ముక్కలు చూడకుండా పందెం కాయడాన్ని బ్లైండ్ అంటారు. చూసి ఆడేవారు అంతకు రెట్టింపు కాయాలి. ముక్కలు నచ్చనివారు ఆట నుండి తప్పుకుంటారు. చివరకు ఇద్దరు మిగిలినపుడు ఒకరు షో అడిగితే, ముక్కలు తెరచి పోల్చి చూస్తారు. ఆసు అన్నిటికంటె పెద్దది. తరువాత రాజు, రాణి, జాకీ, పది మొదలుకొని రెండు వరకు వరుసగా తగ్గుతూ వస్తాయి. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అనే నాలుగు జాతులూ సాధారణంగా సమానమే.

కూర్పుల వరుస

52 ముక్కల నుండి మూడింటిని 22,100 విధాలుగా ఎంచవచ్చును. పెద్దదాని నుండి చిన్నదానికి వరుస, ఒక్కొక్కటి ఎన్ని విధాలుగా రాగలదో ఆ సంఖ్య ఇలా ఉంటాయి.

1. ట్రయల్: ఒకే విలువ గల మూడు ముక్కలు (ఉదా: మూడు రాజులు) - 52
2. ప్యూర్ సీక్వెన్స్: ఒకే జాతికి చెందిన మూడు వరుస ముక్కలు - 48
3. సీక్వెన్స్: వేరువేరు జాతుల వరుస ముక్కలు - 720
4. కలర్: వరుస లేకున్నా ఒకే జాతికి చెందిన మూడు ముక్కలు - 1,096
5. జత: ఒకే విలువ గల రెండు ముక్కలు, వేరొకటి - 3,744
6. పెద్ద ముక్క: పై వాటిలో ఏదీ కానిది - 16,440

ఇద్దరికీ ఒకే రకం కూర్పు వస్తే పెద్ద ముక్కలు గలవారు గెలుస్తారు. వేరువేరు జాతుల 5, 3, 2 అన్నిటికంటె చిన్న కూర్పు.

లెక్క

అరుదుగా వచ్చేదానికి పెద్ద స్థానం ఇవ్వడం ఈ వరుసలోని మూలసూత్రం. అయితే ఇందులో ఒక మినహాయింపు కలదు. 13 విలువలలో ప్రతిదానికీ నాలుగు ముక్కలుంటాయి. ఆ నాలుగింటి నుండి మూడింటిని 4 విధాలుగా తీయవచ్చు కనుక ట్రయల్స్ 52. ఆసు-2-3 మొదలుకొని రాణి-రాజు-ఆసు వరకు వరుసలు 12, జాతులు 4 కనుక ప్యూర్ సీక్వెన్సులు 48. అనగా ప్యూర్ సీక్వెన్స్ మరింత అరుదు, అయినా ఆనవాయితీ ప్రకారం ట్రయలే పెద్దది. ఇంగ్లండులోని బ్రాగ్ ఆటలోనూ ఇదే వరుస కలదు.

ఐదు ముక్కల పోకరులో కూర్పులు మొత్తం 25,98,960. అందులో ఒకే జాతి ఐదు ముక్కలు (ఫ్లష్) 5,108 విధాలుగాను, వరుస ఐదు ముక్కలు (స్ట్రెయిట్) 10,200 విధాలుగాను వస్తాయి. కనుక అక్కడ వరుస కంటె ఒకే జాతి పెద్దది. మూడు ముక్కలలో వరుసే అరుదు కనుక ఇక్కడ అది తారుమారయింది. ఒక ఆట తెలిసినవారు రెండవదానిలో పొరబడేది ఇక్కడే.

చట్టం

కర్నూలు, కడప ప్రాంతాలకు వర్తించే ఆంధ్రప్రదేశ్ జూద చట్టం 1974లో వచ్చింది. అంతకు ముందే, సికింద్రాబాదు క్లబ్బుకు సంబంధించిన కె.సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు రమ్మీకి కొంత నైపుణ్యం కావాలని చెప్పి, మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టంపై ఆధారపడినదని పేర్కొన్నది. ఈ తీర్పు 1968 నాటి న్యాయ నివేదికలలో ప్రచురితమైనది. 2020లో రాష్ట్ర చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలకూ నిషేధం వర్తింపజేసారు.

వరుస తెలిసినంత మాత్రాన వచ్చే ముక్కలు మారవు. పై లెక్క ప్రకారం నూటికి సుమారు 74 సార్లు కనీసం జత కూడా రాదు, ట్రయల్ 425 ఆటలలో సగటున ఒక్కసారి వస్తుంది. ఒకరు గెలిచే సొమ్ము మరొకరు పోగొట్టుకున్నదే. స్థావరం నడిపేవారు అందులో తమ వాటా తీసుకుంటే, ఆటగాళ్ళందరికీ కలిపి మిగిలేది నష్టమే.

ఇవి కూడా చూడండి: పేకాట, రమ్మీ, సంభావ్యత