కుక్కకు, పిల్లికి రంగులు తెలుసా? గేటు ముందు సీసా చెప్పని నిజాలు

ఇంటి గేటు పక్కన ఎర్రనీళ్లతోనో, నీలిమందు కలిపిన నీళ్లతోనో నింపిన ప్లాస్టిక్ సీసా. తెలుగు రాష్ట్రాల్లోనే కాదు, బెంగళూరు మొదలుకొని ఉత్తరాది పట్టణాల వరకు అనేక వీధుల్లో కనిపించే దృశ్యమిది. ఆ రంగును చూసి వీధికుక్కలు దగ్గరకు రావని, గోడల వద్ద మూత్రవిసర్జన చేయవని చాలామంది నమ్మకం. మరోవైపు, కుక్కలకు, పిల్లులకు రంగులే తెలియవని, లోకమంతా వాటికి పాత సినిమాలా నలుపు తెలుపుల్లో కనిపిస్తుందని ఇంకో అభిప్రాయం ప్రచారంలో ఉంది. ఈ రెండూ ఏకకాలంలో నిజం కాజాలవు. పరిశోధనల వెలుగులో చూస్తే, రెండింటిలోనూ పొరపాటు ఉంది.

రంగు ఎలా తెలుస్తుంది?

కంటి వెనుక భాగంలోని రెటీనా పొరలో కాంతిని గ్రహించే కణాలు ప్రధానంగా రెండు రకాలు. మసక వెలుతురులో పనిచేసేవి దండ కణాలు. పగటి వెలుగులో రంగులను తెలిపేవి శంకు కణాలు. అయితే ఒక శంకు కణం ఒంటరిగా ఏ రంగునూ చెప్పలేదు. తనపై పడిన కాంతికి ఎంత స్పందించిందో మాత్రమే తెలియజేస్తుంది. వేర్వేరు రకాల శంకు కణాల స్పందనలను పోల్చినప్పుడే రంగు అనే అనుభూతి కలుగుతుంది.

మనుషుల్లో ఈ కణాలు మూడు రకాలు. అవి సుమారు 420, 530, 560 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతికి అత్యధికంగా స్పందిస్తాయి. కుక్కల్లో ఉన్నవి రెండే రకాలు. వాటి స్పందన సుమారు 429, 555 నానోమీటర్ల వద్ద గరిష్ఠంగా ఉంటుంది. ఆకుపచ్చకూ ఎరుపుకూ తేడా చెప్పడానికి మనకు ఉపయోగపడే రెండు రకాల కణాల స్థానంలో కుక్కకు ఒక్కటే రకం ఉంది. పోల్చడానికి రెండోది లేనందున ఆ తేడా చెరిగిపోతుంది.

అందువల్ల ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగులు కుక్కకు దాదాపు ఒకే పసుపు కుటుంబానికి చెందినవిగా, ఎరుపు మసకబారిన ముదురు ఛాయగా కనిపిస్తాయని శాస్త్రవేత్తల అంచనా. నీలం, ఊదా రంగులు నీలం వైపు చేరతాయి. ఈ రెండు కుటుంబాల నడుమ, సుమారు 480 నానోమీటర్ల వద్ద ఉన్న కాంతి రంగు లేనిదిగా తోస్తుంది. తెలుగులో పసుపుపచ్చ, ఆకుపచ్చ అనే రెండు పేర్లలోనూ ‘పచ్చ’ ఉన్నప్పటికీ మన కన్ను ఆ రెంటినీ వేరు చేస్తుంది. కుక్క విషయంలో మాత్రం, వెలుగులో హెచ్చుతగ్గులు ఉంటే తప్ప, ఆ కలగలుపు కంటిలోనే జరిగిపోతుంది.

ఎలా నిరూపించారు?

శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జే నైట్జ్, తిమోతీ గీస్ట్, జెరాల్డ్ జేకబ్స్ 1989లో మూడు కుక్కలపై జరిపిన ప్రయోగాల ఫలితాలను ప్రకటించారు. కుక్క ముందు వెలిగే మూడు పలకల్లో రెండింటిది ఒకే రంగు. వేరుగా ఉన్న మూడో పలకను ముక్కుతో తాకితే ఆహారం లభిస్తుంది. వెలుగు తీవ్రతను బట్టి ఊహించే వీలు లేకుండా దానిని మారుస్తూ వచ్చారు. కుక్కలకు రంగుల దృష్టి ఉందని, అది రెండు రకాల శంకు కణాలపై ఆధారపడినదని ఈ ప్రయోగాల్లో తేలింది.

రంగు తెలిసినా కుక్కలు దానిని పట్టించుకుంటాయా? రష్యా పరిశోధకులు 2013లో ఈ ప్రశ్నకు సమాధానం ఇచ్చారు. ఉదాహరణకు, ముదురు పసుపు కాగితం వెనుక మాంసం ఉంటుందని అలవాటు చేసిన కుక్కకు, తర్వాత లేత పసుపు, ముదురు నీలం కాగితాలను చూపారు. ముదురుదనాన్ని నమ్ముకుంటే అది నీలం వైపు వెళ్లాలి. కుక్కలు అధిక భాగం రంగునే నమ్ముకున్నాయి.

పిల్లి లెక్క వేరు

పిల్లుల్లోనూ ప్రధానంగా రెండు రకాల శంకు కణాలే ఉన్నాయి. రంగులను గుర్తించేలా వాటికి శిక్షణ ఇవ్వడానికి పరిశోధకులు చాలా కాలం శ్రమించాల్సి వచ్చింది. రంగు వాటికి తెలిసినా, వాటి జీవితంలో దాని ప్రాధాన్యం స్వల్పం. పిల్లి కన్ను చీకటి వేటకు అమరినది. రెటీనా వెనుక ఉండే టేపీటం అనే అద్దం వంటి పొర, ఒకసారి దాటిపోయిన కాంతిని వెనక్కి మళ్లించి మరోసారి గ్రహించే అవకాశం కల్పిస్తుంది. రాత్రిపూట వాహనాల వెలుగులో కుక్క, పిల్లి కళ్లు మెరవడానికి కారణం ఇదే. ఎర్రటి లేజర్ చుక్క వెంట పిల్లి పరుగెత్తేది కూడా ముఖ్యంగా దాని కదలికను చూసే.

మనకు లేని ఒక సౌకర్యం వీటికి ఉండవచ్చు. కుక్కల, పిల్లుల కంటి కటకం అతినీలలోహిత కాంతిని చెప్పుకోదగ్గ మేర లోపలికి వెళ్లనిస్తుందని రొనాల్డ్ డగ్లస్, గ్లెన్ జెఫ్రీ 2014లో వెల్లడించారు. మన కటకం ఆ కాంతిని చాలావరకు అడ్డుకుంటుంది.

నిత్యజీవితంలో ఏమిటి ప్రయోజనం?

పచ్చికలో పడిన ఎర్ర బంతిని కుక్క వాసన చూస్తూ వెతుకుతుంటే అది మందబుద్ధి కాదు. నీలం బంతి ఇస్తే వెంటనే కనిపెట్టగలదు. అంధులకు తోడుగా నడిచే కుక్క సిగ్నల్ దీపాల రంగు చూసి రోడ్డు దాటించదు. వాహనాల శబ్దాన్ని విని ఎప్పుడు దాటాలో నిర్ణయించేది ఆ వ్యక్తే.

ఇక గేటు ముందు సీసా. ఎర్రనీళ్లు కుక్కకు ఎర్రగా కనిపించవు. నీలం స్పష్టంగానే కనిపిస్తుంది. అయితే కనిపించడం వేరు, భయపడటం వేరు. నీలం కుక్కకు ప్రమాద సంకేతమనడానికి ఆధారం లేదు. పైగా ఎక్కడ మూత్రవిసర్జన చేయాలన్న విషయంలో దానికి దారి చూపేది ప్రధానంగా వాసన.

ఈ నమ్మకం హానిలేనిదిగా తోచవచ్చు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా భారత్‌లోనే సంభవిస్తున్నాయి. వీధికుక్కలకు టీకాలు, సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు చేయాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలపాటు కడిగి, ఆలస్యం చేయకుండా టీకా వేయించుకోవాలి. రక్షణ ఇచ్చేవి ఇవే. రంగునీళ్ల సీసాను నమ్ముకుని వీటిని విస్మరించడం ప్రమాదకరం.