జాబితాలో లేని విషం

కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టి వెలుతురుకెత్తి చూడండి. తేటగా ఉన్నాయి. వాసన చూడండి. ఏమీ లేదు. ఒక గుక్క తాగండి. రుచిలో తేడా లేదు. అంతమాత్రాన ఈ నీరు మంచిదేనని చెప్పవచ్చునా? చెప్పలేము. కన్ను, ముక్కు, నాలుక - ఈ ముగ్గురి సాక్ష్యం చాలదు. అందుకే నీటిని ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయిస్తారు.

మరి ప్రయోగశాల కూడ "మంచిదే" అంటే? అప్పుడైనా నిశ్చింతగా ఉండవచ్చునా? అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి కథలో ఈ ప్రశ్నకు జవాబు ఉంది.

హాజరుపట్టీలో లేని పేరు

ఆ ఊరు హూసిక్ ఫాల్స్. జనాభా సుమారు 3,500. నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో దశాబ్దాల తరబడి టెఫ్లాన్ పూత పూసిన గుడ్డలు, టేపులు తయారుచేసే కర్మాగారాలు నడిచాయి. దోసె అంటుకోని పెనం మీద ఉండే నల్లని పూత టెఫ్లానే. ఈ పూతల తయారీలో పెర్‌ఫ్లోరో ఆక్టనోయిక్ ఆమ్లం అనే రసాయనాన్ని వాడేవారు. పేరు పొడవు కనుక పి.ఎఫ్.ఓ.ఏ. అందాం. ఏళ్ళ తరబడి అది కర్మాగారం నుంచి బయటపడి నేలలోకి ఇంకింది. ఊరికి మంచినీళ్ళిచ్చే బావులు అక్కడికి దగ్గరలోనే ఉన్నాయి.

ఊరి నీటిని చట్టప్రకారం పరీక్షిస్తూనే ఉన్నారు. అయినా పి.ఎఫ్.ఓ.ఏ. పట్టుబడలేదు. ఎందుకని? మీ తరగతిలో మాస్టారు హాజరు పిలుస్తారు కదా! పట్టీలో ఉన్న పేర్లనే పిలుస్తారు. వెనుక బెంచీలో ఒక అపరిచితుడు నక్కి కూర్చున్నాడనుకోండి. పట్టీలో అతని పేరు లేదు. పిలవరు. పలకడు. హాజరు మాత్రం సరిగానే ఉంటుంది! నీటి పరీక్ష కూడ ఇంతే. సూక్ష్మజీవులు, సీసం, నైట్రేట్లు - చట్టం ఇచ్చిన జాబితాలో ఏవి ఉంటే వాటికే పరీక్ష. పి.ఎఫ్.ఓ.ఏ. ఆ జాబితాలో లేదు.

2013 నుంచి 2015 వరకు అమెరికా కేంద్ర ప్రభుత్వం జాబితాలో లేని కొన్ని రసాయనాల కోసం కూడ నీటిని పరీక్ష చేయించింది. వాటిలో పి.ఎఫ్.ఓ.ఏ. ఉంది. కాని ఆ పరీక్ష 10,000 మందికి మించి నీరందించే సంస్థలన్నిటికీ, ఎంపిక చేసిన కొద్ది చిన్న సంస్థలకూ మాత్రమే. 3,500 మంది ఉన్న ఊరికి ఆ వంతు రాలేదు.

ఒక కొడుకు అడిగిన ప్రశ్న

అటువంటి కర్మాగారంలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఒక వ్యక్తి 2013లో మూత్రపిండాల క్యాన్సరుతో మరణించాడు. ఆయన కొడుకు శాస్త్రజ్ఞుడు కాడు. కాని కారణం తెలుసుకోవాలని వెదికాడు. వెస్ట్ వర్జీనియా ప్రాంతంలో పి.ఎఫ్.ఓ.ఏ. కలిసిన నీరు తాగిన సుమారు 69,000 మందిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఈ రసాయనానికీ, మూత్రపిండాల క్యాన్సరుతో సహా ఆరు జబ్బులకూ సంబంధం ఉండవచ్చునని తేల్చిన సంగతి అతని కంటబడింది.

ఊరి నీటిని దీనికోసం పరీక్షించమని అతడు అధికారులను కోరాడు. చట్టం అడగని పరీక్ష అది. అందుచేత 2014లో తన వంటింటి కుళాయి నీళ్ళు తానే పట్టి, స్వంత ఖర్చుతో ప్రయోగశాలకు పంపాడు. జవాబు వచ్చింది: లక్ష కోట్ల వంతులకు 540 వంతులు.

ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకోవాలి. ఫలానా మనిషికి వచ్చిన జబ్బు ఫలానా రసాయనం వల్లనే వచ్చిందని ఇటువంటి పరీక్ష రుజువు చేయలేదు. కాని ఊరంతా తాగే నీటిలో ఏముందో చెప్పగలదు.

తొమ్మిది నిమిషాల విషం

లక్ష కోట్లలో 540 వంతులంటే ఎంత? లక్ష కోట్ల సెకన్లు గడవాలంటే సుమారు 31,700 సంవత్సరాలు పడుతుంది. అందులో 540 సెకన్లంటే 9 నిమిషాలు! ఇంత స్వల్పానికి ఇంత భయమెందుకు?

కారణం ఆ అణువు కట్టడిలో ఉంది. పి.ఎఫ్.ఓ.ఏ. అణువులో 8 కర్బన పరమాణువుల గొలుసు ఉంటుంది. వాటిలో ఏడింటి చుట్టూ 15 ఫ్లోరిన్ పరమాణువులు కవచంలాగ అల్లుకొని ఉంటాయి. కర్బనానికీ ఫ్లోరిన్‌కూ మధ్య బంధం చాల గట్టిది. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని విరవలేవు. ఎండ విరవలేదు. నీళ్ళు కాచినా పోదు. ఆవిరైన నీటి మేరకు మిగిలిన నీటిలో అది చిక్కబడుతుంది. మన శరీరంలో ప్రవేశించిన దానిలో సగం బయటికి పోవడానికే 2 నుంచి 4 సంవత్సరాలు పడుతుంది. అంతలో రోజూ మరికొంత చేరుతూనే ఉంటుంది. చిల్లికుండలోనైనా, కారేదానికన్న ఎక్కువ పోస్తే నీళ్ళు నిలుస్తాయి కదా! ఊరివారి రక్తాన్ని 2016లో పరీక్షిస్తే ఈ రసాయనం దేశపు సగటుకు పది రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల పిల్లలకు ఒక సందేహం రావచ్చు: "మా నీళ్ళలోని ఫ్లోరైడ్ ఇదేనా?" కాదు. ఫ్లోరైడ్ రాళ్ళ నుంచి సహజంగా నీటిలో కరిగే పదార్థం. దాన్ని లీటరుకు మిల్లీగ్రాములలో కొలుస్తారు. పి.ఎఫ్.ఓ.ఏ. మనిషి చేసినది. దాన్ని మిల్లీగ్రాములో పది లక్షల వంతయిన నానోగ్రాములలో కొలవాలి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్లగొండ పద్ధతి దీని మీద పనిచేయదు.

90 రోజుల నిబంధన

2015 చివరలో కేంద్ర పర్యావరణ సంస్థ హూసిక్ ఫాల్స్ ప్రజలకు ఆ నీరు తాగవద్దని, వంటకు వాడవద్దని చెప్పింది. సీసాలలో నీరు పంచారు. కాని నేలలో ఉన్నదాన్ని ఎవరు తీయాలి? ఖర్చు ఎవరు భరించాలి?

ఇక్కడ మళ్ళీ జాబితా అడ్డువచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో ప్రమాదకర వ్యర్థాలను తొలగించడానికి గట్టి చట్టమే ఉంది. కాని ఆ చట్టం "ప్రమాదకరం" అని పేరు పెట్టిన పదార్థాలకే వర్తిస్తుంది. కొత్త పేరు చేర్చాలంటే మామూలుగా ముసాయిదా ప్రకటించాలి, ప్రజల అభిప్రాయాలు సేకరించాలి, సవరించాలి. నెలలు పడుతుంది. ఈ ఆలస్యం ఊరికే పెట్టినది కాదు. తొందరపాటు ఉత్తర్వుల నుంచి ప్రజలను కాపాడటానికే పెట్టారు. అయితే ఇల్లు కాలుతుంటే అభిప్రాయ సేకరణ చేయలేము. అందుకని "అత్యవసర నిబంధన" అనే మార్గం ఉంది. కారణం వ్రాతపూర్వకంగా చూపించి వెంటనే అమలు చేయవచ్చు. కాని దాని ఆయుష్షు మొదట 90 రోజులు మాత్రమే. ఆ తర్వాత పొడిగించాలి, లేదా పద్ధతి ప్రకారం శాశ్వతం చేయాలి.

2016 జనవరి 27న రాష్ట్ర పర్యావరణ పరిరక్షణ శాఖ ఇటువంటి నిబంధనతో పి.ఎఫ్.ఓ.ఏ.ను ప్రమాదకర పదార్థాల జాబితాలో చేర్చింది. పేరు ఎక్కడంతో ప్రభుత్వం చేతికి అధికారం వచ్చింది: కలుషిత స్థలాన్ని తవ్వి పరీక్షించడానికి, శుభ్రం చేయించడానికి, ఖర్చును బాధ్యుల నుంచి వసూలు చేయడానికి. 2017 మార్చిలో నిబంధన శాశ్వతమయింది. అదే సంవత్సరం, ఊరు చిన్నదైనా పెద్దదైనా ప్రజలకు నీరిచ్చే ప్రతి సంస్థా ఇటువంటి కొత్త రసాయనాలకు పరీక్ష చేయాలని రాష్ట్రం చట్టం చేసింది.

బడి కుళాయికీ పరీక్ష

అదే 2016లో మరో అత్యవసర నిబంధన నేరుగా మీవంటి విద్యార్థుల కోసం వచ్చింది. పాత గొట్టాలు, అతుకులు, ఇత్తడి కుళాయిల నుంచి సీసం నీటిలో కరుగుతుంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. సెప్టెంబరులో న్యూయార్క్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల కుళాయిలన్నిటినీ పరీక్షించమని ఆదేశించింది. 5వ తరగతి వరకు ఉన్న బడులకు ఆ నెలాఖరు, పై తరగతులవాటికి అక్టోబరు నెలాఖరు గడువు.

నీళ్ళు పట్టే పద్ధతి చూడండి. కుళాయిని కనీసం 8 గంటలు ముట్టకూడదు. 18 గంటలు మించకూడదు. తర్వాత వచ్చే మొదటి 250 మిల్లీలీటర్లనే సీసాలో పట్టాలి. ఎందుకో చెప్పగలరా? రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిలోనే సీసం ఎక్కువగా కరుగుతుంది. కాసేపు నీళ్ళు వదిలి పట్టితే దొంగ జారిపోతాడు! లీటరుకు 15 మైక్రోగ్రాములు మించితే ఆ కుళాయిని తాగునీటికి వాడకూడదన్నారు. 2022లో ఆ హద్దును 5కు తగ్గించారు.

తీసినదాన్ని ఎక్కడ పెట్టాలి?

హూసిక్ ఫాల్స్ నీటిని బొగ్గు శుద్ధి చేసింది. ప్రత్యేకంగా తయారుచేసిన ఈ బొగ్గు రేణువుల నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. పి.ఎఫ్.ఓ.ఏ. అణువులు వాటికి అంటుకుంటాయి. 2016 మార్చి 30న నీరు తాగవచ్చునని ప్రకటించారు. 2021లో మూడు కంపెనీలు ఊరివారికి 6 కోట్ల 50 లక్షల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకున్నాయి.

కథ అయిపోయిందా? లేదు. బొగ్గుకు అంటుకున్న విషం నశించలేదు, చోటు మారింది. వాడిన బొగ్గును ఎక్కడ పారవేయాలి? పూడ్చితే మళ్ళీ నేలలోకి దిగవచ్చు. కాల్చితే పూర్తిగా విరుగుతుందా? ఇదే కుటుంబపు రసాయనాలున్న మంటలార్పే నురుగును అదే రాష్ట్రంలోని కొహోజ్ పట్టణంలో కాల్చారు. ప్రజలు ఆందోళన చేశారు. 2020లో అక్కడ అలా కాల్చడాన్ని చట్టం నిషేధించింది. గట్టి బంధమే గట్టి పెనాన్ని ఇచ్చింది. ఆ బంధమే వదిలించుకోవడానికి వీలులేని చెత్తనూ ఇచ్చింది.

జాబితా మారుతూనే ఉంది. మన గడియారం లెక్కలో చెప్పాలంటే, 2009లో అమెరికా కేంద్ర సంస్థ "400 సెకన్ల" వరకు ఫరవాలేదంది. 2016లో 70 అన్నది. 2020లో న్యూయార్క్ 10 అన్నది. 2024లో కేంద్ర సంస్థ 4 అన్నది. ఈ మధ్యకాలంలో నీరు మారలేదు, మన తెలివిడి మారింది.

కనుక ఎవరైనా "నీళ్ళు పరీక్ష చేయించాం, బాగున్నాయి" అంటే సంతోషించండి. ఆపైన మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి: ఏ రోజున పరీక్షించారు? ఏ కుళాయి నీరు? ఏయే పదార్థాల కోసం? మీ బడి నీటి విషయంలో ఈ మూడింటికీ జవాబులు కనుక్కొని తరగతి గోడమీద వ్రాసి పెట్టండి. మూడో జవాబు కింద కొంత ఖాళీ జాగా వదలండి. రేపు చేర్చవలసిన పేర్లకు అది అవసరమవుతుంది.