ఒక్కసారే పూస్తుంది... అదే ఆఖరు!

కొండ ఎక్కామంటే సెల్ఫీ దిగాల్సిందే. మరి ఫోన్లు లేని రోజుల్లో ‘నేనూ ఎక్కా’ అని ఎలా చూపించేవారు? హవాయిలోని ఓ కొండ మీదైతే ఏకంగా మొక్కనే పీక్కొచ్చేవారట! ఆ సంగతి చదివినప్పటి నుంచీ ఆ మొక్క నా బుర్రలోంచి పోవట్లేదు.

కొండ పేరు హలెయాకలా. మావీ దీవిలోని అగ్నిపర్వతం, ఎత్తు 3,055 మీటర్లు. పైన పగలు మాడ్చే ఎండ, రాత్రి గడ్డకట్టే చలి, కాళ్లకింద నీరు నిలవని లావా బూడిద. అక్కడ బతికేదే సిల్వర్‌స్వోర్డ్. స్థానికులు ‘అహినహిన’ అంటారు. పొద్దుతిరుగుడు కుటుంబమే అయినా, చూస్తే వెండి కత్తుల్ని గుండ్రంగా పేర్చినట్టు ఉంటుంది. ఆకుల మీది నూగు ఎండను తిప్పికొడుతుంది. లోపల కలబందలో లాంటి జిగురు నీటిని దాచుకుంటుంది.

అలా 20 ఏళ్లు, ఒక్కోసారి 90 ఏళ్ల దాకా ఎదురుచూసి, ఓ వేసవిలో మనిషెత్తు కాడ వేస్తుంది. దానినిండా వందల పూలు. విత్తనాలు రాల్చి ఎండిపోతుంది, అంతే! మన అరటీ గెల వేసి పోతుంది కానీ, దానికి పక్కన పిలకలుంటాయి. దీనికి దాదాపుగా విత్తనాలే దిక్కు. అవైనా మరో మొక్క పుప్పొడి అందితేనే కడతాయి. అంటే దగ్గర్లో ఇంకోటి కూడా అప్పుడే పూయాలి, తేనెటీగ రావాలి.

అలాంటిదాన్ని పూయకముందే పీకేస్తే ఇంకేముంది? కొందరు సరదాకి బంతుల్లా లోయలోకి దొర్లించేవారు కూడా. మిగిలినవాటిని మేకలు, పశువులు మేసేశాయి. 1920ల నాటికి అంతరించిపోయే పరిస్థితి వచ్చింది. నేషనల్ పార్కు వాళ్లు పీకడం ఆపించి, కంచెలు వేశాక మళ్లీ వేలల్లో పెరిగాయి.

ఇక్కడితో ఆగితే సుఖాంతమే. కానీ 1990ల నుంచి మళ్లీ తగ్గుతున్నాయి. ఈసారి కారణం ముదురుతున్న ఎండలు, కరవు. పీకే చేతిని ఆపగలిగారు, వేడిని ఏ కంచె ఆపుతుంది?

మన చేతిలో, కాదు కాదు, మన కాలిలో ఉన్నది ఒకటుంది. దీని వేర్లు నేలకి కాస్త లోపలే పక్కలకు పాకుతాయి. ఫొటో కోసం దగ్గరికెళ్తే మన అడుగుకిందే నలిగిపోతాయి. అందుకే ఆ కొండైనా, మన కొండైనా, దారి దిగొద్దు. జూమ్ చేసినా ఫొటో బాగానే వస్తుంది!